తిరిగిరాని నీళ్ళు
(డాక్టర్ కె.ఎల్. రావు స్మారక ఉపన్యాసం)



కానూరి లక్ష్మణరావు గారి పేరిట మాట్లాడమంటే కృష్ణ గురించో గోదావరి గురించో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. నేను ఎంచుకున్న దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. సౌదీ అరేబియా గనుల్లో నీటిని ఎలా కొలుస్తున్నారు, ఎలా కొలవాలి అన్నది ఇవాళ్టి విషయం. నాగార్జునసాగర్‌తో ముడిపడిన పేరును ఎడారికి లాక్కెళ్ళడం సబబేనా అన్న సందేహం మీలో కొందరికి రావచ్చు. ఆయన తన జ్ఞాపకాల పుస్తకానికి పెట్టుకున్న పేరు ‘క్యూసెక్స్ క్యాండిడేట్’. ప్రవాహాన్ని కొలిచే ప్రమాణాన్నే తన బిరుదుగా చేసుకున్న ఇంజినీరు ఆయన. నీళ్ళు ఏ దేశానివన్నది అలాంటివాడు తర్వాత అడుగుతాడు, ముందు లెక్క చూపించమంటాడు. పైగా గల్ఫ్‌లోని నీటి ప్లాంట్లలో, రిఫైనరీల్లో, గనుల్లో షిఫ్టు షిఫ్టుకూ మీటరు చదివి లాగ్‌బుక్కులో రాసేవాళ్ళలో మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళు రాసే అంకెలు చివరికి ఏమవుతాయో మనకు తెలిసుండాలి.

సౌదీ గనుల కథ నీళ్ళ వెతుకులాటతోనే మొదలైంది. 1931లో చార్లెస్ క్రేన్ అనే అమెరికన్ దాత జెడ్డాలో అబ్దులజీజ్ రాజును కలిశాడు. అప్పటికి ఆ నేలలో చమురు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ప్రపంచమంతా మాంద్యంలో ఉండడంతో హజ్ యాత్రికులు తగ్గిపోయారు, ఖజానా ఖాళీ అయింది. క్రేన్ తన సొంత ఖర్చుతో కార్ల్ ట్విచెల్ అనే మైనింగ్ ఇంజినీరును పంపాడు. అతనికి అప్పగించిన పని నీళ్ళు చూడడం. హెజాజ్ అంతా తిరిగిన ట్విచెల్, ఒత్తిడితో పైకి ఎగదన్నే బావులు పడే ఆనవాళ్ళు ఇక్కడ లేవని రాజుకు తేల్చి చెప్పాడు. నీళ్ళు దొరకలేదు గానీ పాత గనుల గుంతలు, కరిగించి పారేసిన చిట్టెపు కుప్పలు కనబడ్డాయి. మదీనాకు ఆగ్నేయంగా ఉన్న మహద్ అద్దహబ్‌లో అబ్బాసీల కాలంలోనే బంగారం తవ్వారు. 1939 నుంచి 1954 దాకా ఒక సిండికేట్ అక్కడ పనిచేసి ఏడున్నర లక్షల ఔన్సులకు పైగా బంగారం తీసింది. 1988లో ఆ గనిని మళ్ళీ తెరిచారు. అంతకుముందు, 1933లో చమురు ఒప్పందం కుదిరేటప్పుడు కూడా ట్విచెల్ ఆ దేశంలోనే ఉన్నాడు. నీళ్ళకోసం పంపిన మనిషి చూపించిన ఖనిజాలకే ఇప్పుడు నీళ్ళు కావాలి.

అతనికి నీళ్ళు దొరకకపోవడానికీ బంగారం కనబడడానికీ కారణం ఒక్కటే. ఆ దేశపు పడమటి భాగమంతా అరేబియన్ షీల్డ్. తెలంగాణ, రాయలసీమల గట్టురాయి వంటి అతి పురాతనమైన గట్టి శిల. బంగారం, రాగి, జింకు ఉన్నది అందులోనే. గట్టిరాయిలో నీళ్ళు నిలవవు. పగుళ్ళలో కాస్త, వాన పడినప్పుడు మాత్రమే పారే వాదీల ఇసుకలో కాస్త ఉంటాయి, అంతే. దేశంలో చాలా భాగానికి ఏడాదికి 100 మిల్లీమీటర్ల వాన కూడా పడదు. అనంతపురం కరువు జిల్లా అని మనం అనుకుంటాం గదా, అక్కడ పడే వాన దీనికి ఐదింతలు. షీల్డ్ దాటితే కథ వేరు. అక్కడ ఇసుకరాయి, సున్నపురాయి పొరలు దొంతరలుగా ఉన్నాయి. సాఖ్, వాజిద్, మింజూర్, ఉమ్ అర్రదుమా అనే పేర్లతో భూమి అడుగున నీటి నిల్వలున్నాయి. ఫాస్ఫేటు, బాక్సైటు దొరికేదీ ఆ పొరల ప్రాంతంలోనే. అయితే ఆ నీళ్ళు వేల ఏళ్ళ కిందట, అక్కడి వాతావరణం తడిగా ఉన్న కాలంలో ఇంకినవి. ఇప్పటి వానలు వాటిని నింపలేవు. బంగారం ఉన్నచోట నీళ్ళు లేవు. నీళ్ళున్న చోట తోడిన ప్రతి ఘనపు మీటరూ మళ్ళీ రానిదే. గని నీటి లెక్కలో మొదటి పంక్తి ఇది. ఎన్ని నీళ్ళు అని అడిగే ముందు ఏ నీళ్ళు అని అడగాలి.

ఆ ప్రశ్న అడగకుండా ఆ దేశం చేసిన ఒక పెద్ద పని మనకు తెలిసిందే, గోధుమ. 1970ల చివర మొదలుపెట్టి, మద్దతు ధరలిచ్చి, గుండ్రంగా తిరిగే స్ప్రింక్లర్లతో ఎడారిలో పచ్చని చక్రాలు వేశారు. 1992 నాటికి పంట 40 లక్షల టన్నులు దాటింది. సౌదీ అరేబియా గోధుమ ఎగుమతి చేసే దేశాల్లో ముందు వరుసకు వచ్చింది. ఆ పంట పండించింది తిరిగిరాని నీటితో. చాలా బావులకు మీటరే లేదు. నీటిమట్టాలు పడిపోయాక 2008లో ప్రభుత్వం స్థానిక గోధుమ కొనుగోలును ఏటా పన్నెండున్నర శాతం చొప్పున తగ్గించుకుంటూ పోవాలని నిర్ణయించింది. 2016కు పూర్తిగా ఆపేసింది. ఇప్పటికీ ఆ దేశంలో నీళ్ళు ఎక్కువ తాగేది వ్యవసాయమే, దాని పక్కన గనుల వాటా చిన్నది. మరి గనులనే ఎందుకు పట్టుకున్నావని అడగవచ్చు. గని ఒకచోట పాతుకుపోయి తోడుతుంది. దాని చుట్టూ యాభై కిలోమీటర్ల మేర బావులున్నవాళ్ళకు దేశపు సగటుతో పనిలేదు.

గని నీళ్ళను ఏం చేస్తుందో ఇప్పుడు చూద్దాం. కథంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాసేపు ఆగుతాను. ఖనిజాన్ని మిల్లులో పిండిలా నూరి, నీటితో కలిపి స్లర్రీ చేస్తారు. బంగారమైతే అందులో సయనైడు కలిపి కరిగిస్తారు, ఫాస్ఫేటైతే నురగ మీద తేల్చి వేరుచేస్తారు. మామూలుగా స్లర్రీలో బరువులో సగం రాయి, సగం నీళ్ళు అనుకోండి. 100 టన్నుల ఖనిజానికి 100 టన్నుల నీళ్ళు. పని అయ్యాక మిగిలిన బురదనే టెయిలింగ్స్ అంటారు. థిక్కనర్ అనే పెద్ద తొట్టెలో దాన్ని తేర్చి, ఘనపదార్థం 60 శాతానికి చిక్కబరిస్తే, ఆ 100 టన్నుల రాతిపిండితో 67 టన్నుల నీళ్ళు వెళ్ళిపోతాయి, 33 టన్నులు వెనక్కి వస్తాయి. 70 శాతానికి చిక్కబరిస్తే 43 టన్నులే పోతాయి. ఫిల్టరులో పిండి 85 శాతానికి తెస్తే 18 టన్నులకు మించి పోవు. ఇందులో రహస్యమేమీ లేదు, ఎనిమిదో తరగతి లెక్క. కానీ 60కీ 85కీ మధ్య ఉన్న ఆ 49 టన్నుల తేడా కోసమే కోట్ల డాలర్ల యంత్రాలు కొంటారు. కొనాలా వద్దా అనే వాదన ఏళ్ళ తరబడి సాగుతుంది.

పోయిన నీళ్ళు ఎక్కడికి పోయాయి? టెయిలింగ్స్ చెరువులోకి. అక్కడ పైన నిలిచిన నీటిలో కొంత పంపుతో వెనక్కి తెస్తారు. మిగతాది మూడు దారులు పడుతుంది. కొంత ఆవిరైపోతుంది. కొంత, కట్ట బాగా లేకపోతే, అడుగుకు ఇంకుతుంది. చాలా భాగం పిండిన బట్టలో మిగిలే తడిలా రాతిపిండి రేణువుల మధ్య ఇరుక్కుపోతుంది. ఈ మూడింటికీ మీటరు లేదు. బోరు నుంచి వచ్చే గొట్టానికి మీటరు పెట్టగలం, పంపుహౌసుకు పెట్టగలం. ఆకాశానికి పోయేదానికి, బురదలో దాగేదానికి పెట్టలేం. ఇంకా రోడ్ల మీద దుమ్ము అణచడానికి ట్యాంకర్లు చల్లే నీళ్ళున్నాయి. ఆ ఎండలో పొద్దున చల్లింది మధ్యాహ్నానికి కనబడదు. నేను పనిచేసిన ఒక చోట ట్యాంకర్ నీటిని ట్రిప్పుల లెక్కన రాసేవాళ్ళు. ట్యాంకు నిండా ఉందా సగమే ఉందా అన్న గడి ఆ ఫారంలో లేదు. నెలాఖరున ఆ ట్రిప్పులనే ఘనపు మీటర్లుగా మార్చి, దశాంశం తర్వాత రెండు అంకెలతో సహా నివేదికలో వేసేవాళ్ళు.

ఇప్పుడు నేను చెప్పదలచుకున్న అసలు మాట. గని కంపెనీల నివేదికల్లో అందరికీ నచ్చే అంకె ఒకటుంటుంది. మేం వాడే నీటిలో ఇంత శాతం తిరిగి వాడుతున్నాం అని. 80 శాతం, 90 శాతం. ఆ అంకెను నేను నమ్మను. అబద్ధం చెబుతున్నారని కాదు. అది నిజమైనప్పుడు కూడా మనకు కావలసిన సంగతి చెప్పదు. ఒక మిల్లు రోజుకు 100 పాళ్ళ నీళ్ళు వాడుతోంది, అందులో 80 తిరిగొచ్చినవి, 20 కొత్తవి అనుకోండి. పునర్వినియోగం 80 శాతం. ఇప్పుడు ఏ అవసరమూ లేకుండా ఇంకో 100 పాళ్ళను చెరువుకూ మిల్లుకూ మధ్య ఊరికే తిప్పండి. వాడకం 200 అయింది, తిరిగొచ్చింది 180, శాతం 90కి పెరిగింది. బోరు నుంచి తోడిన కొత్త నీళ్ళు మాత్రం అదే 20. ఒక్క చుక్క ఆదా కాలేదు, పంపు కరెంటు అదనంగా ఖర్చయింది, వార్షిక నివేదిక మెరిసింది.

ఈ మెలిక మనకు కొత్తది కాదు. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం నమ్మకంతో దొరికే నీళ్ళు 2060 టీఎంసీలని తేల్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800, కర్ణాటకకు 700, మహారాష్ట్రకు 560 పంచింది. తర్వాత పొలాల్లో వాడాక నదిలోకి తిరిగొచ్చే నీళ్ళు 70 టీఎంసీలని లెక్కగట్టి వాటినీ పంచింది. మనకు నోటికొచ్చిన 811 అంకె అలా పుట్టింది. తిరిగొచ్చే నీటికి విడిగా పద్దు రాయడం, దాన్ని మొదటి నీటితో కలిపి చూపకపోవడం అక్కడ కనిపించే శ్రద్ధ. ఆ 811 మీద మనవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారు గానీ, అందులోని 11 ఏ పద్దు కింద వచ్చాయో అందరికీ తెలుసు.

గనులకు కూడా అలాంటి పద్ధతి ఒకటి ఉంది. ఆస్ట్రేలియా మినరల్స్ కౌన్సిల్, క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం కలిసి తయారుచేసిన నీటి పద్దుల విధానం అది. 2017లో అంతర్జాతీయ గనుల మండలి ఐసీఎంఎం తన సభ్య కంపెనీలకు ఇచ్చిన నీటి నివేదికల మార్గదర్శిలోనూ దాని పోలికలు కనిపిస్తాయి. వచ్చిన నీళ్ళు ఎక్కడివో విడివిడిగా రాయాలి. వానవి ఎన్ని, భూగర్భానివి ఎన్ని, సముద్రానివి ఎన్ని, వేరేవాళ్ళ దగ్గర కొన్నవి ఎన్ని. వాటి నాణ్యత రాయాలి. పోయిన నీళ్ళలో మళ్ళీ దొరకనివి, అంటే ఆవిరీ బురదలో చిక్కినవీ, వేరుగా చూపాలి. చెరువుల్లో నిల్వ ఎంత పెరిగిందో ఎంత తగ్గిందో చూపాలి. వచ్చినదాంట్లోంచి పోయింది తీసేస్తే నిల్వ మార్పు రావాలి. రాకపోతే, అది ఎప్పుడూ సరిగ్గా రాదు, ఆ తేడాను కూడా రాయాలి. నాకు అన్నిటికన్నా నచ్చింది ఆస్ట్రేలియా విధానంలోని ఒక చిన్న నియమం. ప్రతి అంకె పక్కనా అది కొలిచిందా, అంచనా వేసిందా, మోడల్‌తో తేల్చిందా, దాని మీద ఎంత నమ్మకముందో చెప్పాలి. మీటరు చదివిన అంకెకూ ఊహించిన అంకెకూ ఒకే హోదా ఇవ్వకూడదని దాని అర్థం.

మీటరు చదివిందల్లా నిజమని కూడా అనుకోవద్దు. ఎక్కువచోట్ల వాడే విద్యుదయస్కాంత మీటరు గొట్టం నిండా నీళ్ళుంటేనే సరిగ్గా చెబుతుంది. సగం నిండిన గొట్టంలో అది నమ్మకంగా తప్పు చెబుతుంది. ఉప్పు పేరుకుంటుంది, ఇసుక లోపలి పూతను గీస్తుంది. ఏడాదికోసారి తీసి సరిచూడాలని ప్రతి మాన్యువల్లోనూ ఉంటుంది. ఉత్పత్తి ఆపి మీటరు తీయనిచ్చే మేనేజరు మాత్రం అరుదు.

ఇప్పుడు సౌదీలో ఈ లెక్క ఎలా మారుతోందో చూద్దాం. ప్రభుత్వ గనుల సంస్థ మఆదిన్ 1997లో పుట్టింది. దాని అద్దువైహీ బంగారు గని 2016లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అది షీల్డ్ మీద, నీళ్ళు లేనిచోట ఉంది. అక్కడికి నీళ్ళు తాయిఫ్ నగరం నుంచి 400 కిలోమీటర్లకు పైబడిన పైపులైనులో వస్తాయి. అవి మంచినీళ్ళు కావు, ఊరి మురుగును శుద్ధిచేసిన నీళ్ళు. తాయిఫ్‌వాళ్ళు స్నానం చేసి వదిలిన నీళ్ళతో బంగారం కడుగుతారన్నమాట. భూగర్భ నిల్వను ముట్టుకోకుండా గని నడపడానికి ఇది మంచి దారి, ఆ నిర్ణయాన్ని నేను మెచ్చుకుంటాను. కానీ ‘వ్యర్థ జలం’ అన్న పేరు చూసి దాన్ని ఉచితంగా లెక్కేస్తే తప్పు. గనికి పోకపోతే ఆ నీళ్ళు ఏ తోటకో, ఏ వాదీలోనో పోయేవి. ఇప్పుడవి రాతిపిండిలో చిక్కుకుంటాయి. మురుగునీటిలో మిగిలే సేంద్రియ పదార్థం మీద కూడా కన్నేసి ఉంచాలి. బంగారాన్ని పట్టే కార్బన్‌కు అది అడ్డుపడే అవకాశం ఉంది కాబట్టి నీటి నాణ్యత పద్దు నేరుగా ఉత్పత్తి పద్దులోకి వస్తుంది.

తూర్పు తీరాన రాస్ అల్‌ఖైర్ ఉంది. ఏటా 7,40,000 టన్నుల సామర్థ్యం ఉన్న అల్యూమినియం స్మెల్టరు, అల్యూమినా రిఫైనరీ, ఎరువుల కర్మాగారాలు అన్నీ అక్కడే. పక్కనే సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే భారీ ప్లాంటు. రోజుకు 10,25,000 ఘనపు మీటర్లు. మన భాషలో చెబితే ఏడాదికి 13 టీఎంసీలు, ఉస్మాన్‌సాగర్ నిండు సామర్థ్యానికి మూడింతలకు పైమాటే. అందులో పరిశ్రమల సముదాయానికి కేటాయించింది రోజుకు 25,000 ఘనపు మీటర్లు, ఏడాదికి టీఎంసీలో మూడో వంతు. మిగతాది రియాద్ వంటి నగరాలకు పోతుంది. సముద్రం ఎండిపోదు కాబట్టి ఇక్కడ నీటి లెక్క కరెంటు లెక్కగా మారుతుంది. పొర పద్ధతిలో ఘనపు మీటరు సముద్రపు నీటిని శుద్ధి చేయడానికి మూడు నాలుగు యూనిట్లు పడతాయి. దాన్ని వెయ్యి మీటర్ల ఎత్తుకు ఎక్కించడానికి, ఏ నష్టమూ లేదనుకున్నా, 2.7 యూనిట్లు కావాలి. పంపుల్లో, గొట్టాల్లో పోయేది కలిపితే శుద్ధికి అయినంతా ఎత్తడానికీ అవుతుంది. చిలీలోని ఎస్కొందీదా రాగి గని సముద్రపు నీటిని 3,200 మీటర్ల ఎత్తుకు తోడుకుంటోంది. 2020 నాటికి ఆండీస్ పర్వతాల భూగర్భ జలం తోడడం మానేసింది. అక్కడ ప్రతి ఘనపు మీటరు వెనకా ఒక ధర ఉంది. బోరు నీటికి అలాంటి ధర లేకపోవడమే సగం జబ్బు.

మనల్ని నేరుగా తాకేది ఉత్తర సరిహద్దులోని అల్ జలామీద్ ఫాస్ఫేటు గని. అక్కడ ఖనిజాన్ని కడిగేది బోరు నీళ్ళే. కడిగిన ఖనిజం రైల్లో వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి రాస్ అల్‌ఖైర్ చేరి డీఏపీ అవుతుంది. 2025 జూలైలో మన దేశపు ఎరువుల సంస్థలు మఆదిన్‌తో ఏటా 31 లక్షల టన్నుల డీఏపీకి ఐదేళ్ళ ఒప్పందాలు చేసుకున్నాయి. గుంటూరు మిరపచేనుకు వేసే బస్తాలో ఆ పాత వానల నీళ్ళు కొంచెం కలిసే వస్తాయి. గోధుమ ఎగుమతి మానేసిన దేశం ఎరువును ఎగుమతి చేస్తోంది. ఒక టన్నుకు ఎన్ని నీళ్ళు పోయాయి, అవి ఏ నీళ్ళు అని కొనేవాళ్ళు అడిగితే, అమ్మేవాళ్ళు కొలుస్తారు. మనం ఇప్పటిదాకా ధర ఒక్కటే అడిగాం.

సౌదీ చట్టాల గురించి రెండే మాటలు. కొత్త గనుల పెట్టుబడి చట్టం 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. పర్యావరణ అధ్యయనం, గని మూసే ప్రణాళిక అది అడుగుతుంది. కొత్త నీటి చట్టమూ 2020లోనే వచ్చింది. కాగితం బాగుంది. మూసేసిన గని టెయిలింగ్స్‌లో చిక్కిన నీళ్ళు ఏళ్ళ తరబడి మెల్లగా కిందికి దిగుతాయి. వాటి మీటరు ఎవరు చదువుతారన్నదే మిగిలిన ప్రశ్న.

ఇంటికి వద్దాం. సింగరేణిలో సమస్య తలకిందులు. అక్కడ నీళ్ళు లేక కాదు, ఎక్కువై ఇబ్బంది. బొగ్గు తీయాలంటే ముందు నీళ్ళు తోడి పారేయాలి. ఆ నీటిలో కొంత ఊళ్ళ తాగునీటికి, చెరువులకు ఇస్తున్నారు, సంతోషమే. కానీ తోడిన నీటిని ‘గని నీరు’ అని ఒక్క మాటలో చుట్టేస్తే, పక్కూరి బావి ఎండిపోయినప్పుడు ఆ రెండింటి మధ్య సంబంధం పద్దులో కనబడదు. కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం గని దగ్గర కథ టెయిలింగ్స్ చెరువుది. అడుగుకు ఇంకిన నీళ్ళు తమ బోర్లను పాడుచేశాయని చుట్టుపక్కల రైతులు ఏళ్ళుగా చెబుతున్నారు. అలాంటిదేమీ లేదని సంస్థ అంటోంది. ఎవరిది నిజమో తీర్పు చెప్పడానికి నేను రాలేదు. ఇంకుడు అన్నది మీటరు లేని మూడు దారుల్లో ఒకటని ఇందాక చెప్పాను. దాన్ని మిగతా అన్నీ కొలిచి, తీసివేతలో పట్టుకోవాలి. మిగతావి సరిగ్గా కొలవనప్పుడు ఆ తీసివేతలో ఏ జవాబైనా వస్తుంది, ఇద్దరూ తమకు నచ్చింది పట్టుకుంటారు.

అందుకని నా కోరిక చిన్నది. నెలకో కాగితం. ఎక్కడినుంచి ఎన్ని నీళ్ళు వచ్చాయి, ఎన్ని తిరిగిరాలేదు, నిల్వ ఎంత మారింది, లెక్కకు రానిది ఎంత. ప్రతి అంకె పక్కనా కొలిచిందో ఊహించిందో ఒక మాట. తుమ్మలపల్లె చుట్టుపక్కల పంచాయతీల్లోనూ సింగరేణి గనులున్న మందమర్రిలోనూ దాన్ని గోడకు అంటిస్తే సరిపోతుంది. చదవగలరా అని ఎవరూ బెంగపడనక్కర్లేదు. ఏ కాలువకు ఎన్ని రోజులు నీళ్ళు వదిలారో, గేజీ ఎంత చూపించిందో, చివరి తూముకు ఎంత చేరిందో వేళ్ళ మీద చెప్పే రైతులు వాళ్ళు. తమ ప్రాంతానికి రావలసిన వాటా ఎంతో అడిగితే తడుముకోరు. లెక్కకు రాని నీళ్ళు నెల నెలా పెరుగుతుంటే, ఆ వరస దగ్గర వేలు పెట్టి ఇదేమిటని అడగడానికి వాళ్ళకు మన ఉపన్యాసం అక్కర్లేదు.